గోదాం మట్టిలో పురుగుమందు: సూక్ష్మజీవులు తిన్నాయా, కనబడకుండా పోయిందా?

మియాపూర్ సుజాత • జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్తే. శంకర్‌పల్లి దగ్గర మాకు మూడెకరాల చల్క ఉంది. నాన్న పోయాక నా చేతికొచ్చింది. ఒక మూల రేకుల షెడ్డు, దాన్ని అప్పట్లో ఒక పురుగుమందుల డీలరుకు గోదాముగా అద్దెకిచ్చారు. 2011లో ఎండోసల్ఫాన్ మీద నిషేధం వచ్చినప్పుడు ఆయన మిగిలిన సరుకు, పగిలిన డబ్బాలు అన్నీ షెడ్డు వెనక గుంట తీసి పూడ్చేశాడని మా పాత జీతగాడు ఈమధ్య చెప్పాడు. తొలకరి పడిందంటే ఇప్పటికీ ముక్కు మూసుకోవాలి. ఆ జాగాలో గడ్డి కూడా సరిగా మొలవదు.

ఒక కంపెనీ వాళ్లు వచ్చి చూశారు. "బయోరెమిడియేషన్ చేస్తాం మేడమ్, అంటే సూక్ష్మజీవుల చేత మందుని విరగ్గొట్టిస్తాం, డ్రమ్ముల్లో బ్యాక్టీరియా కల్చర్ తెచ్చి పోస్తాం, 90 రోజుల్లో 90 శాతం పోతుంది, ప్రకృతి సిద్ధం, హాని లేదు" అన్నారు. కొటేషన్‌తో పాటు ఒక ల్యాబ్ రిపోర్టు ఇచ్చారు. గ్రాఫు కిందికి దిగుతోందని తప్ప నాకేమీ ఎక్కలేదు, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. నా ప్రశ్న ఒకటే. ఈ పద్ధతి నేలకూ నీళ్లకూ మేలు చేస్తుందో, కొత్త తలనొప్పి తెస్తుందో ముందే తేల్చుకోవడం ఎలా? షెడ్డుకు అరవై అడుగుల దూరంలో బోరుంది. పక్క చేను వాళ్లూ ఆ నీళ్లే తాగుతారు.

కొత్తపేట కిరణ్ • జూన్ 8, రాత్రి 10:05

బ్యాక్టీరియా మట్టిలో ఎలాగూ ఉండేదే కదండీ. దానికి ఇంత భయమెందుకు? కంపెనీ దాకా ఎందుకు, నాలుగు బిందెల జీవామృతం పోయండి, అయిపోతుంది.

చల్కనేల • జూన్ 9, ఉదయం 6:10

అమ్మా సుజాతా, రాజేంద్రనగర్‌లో ముప్పై ఏళ్లు మట్టి రసాయనమే నా బతుకు. పెన్షనులో ఉన్నాను, తెల్లారుజామునే మెలకువ వస్తుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

"90 శాతం పోతుంది" అన్నారు కదా. ఏది పోతుంది? పోయి ఏమవుతుంది? ఎక్కడికి పోతుంది? ఈ మూడూ అడగకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఎండోసల్ఫాన్ సంగతి చూడండి. సీసాలో అది ఆల్ఫా, బీటా అని రెండు రూపాల్లో సుమారు 7:3 పాళ్లలో ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని ఆక్సీకరిస్తే ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది. అది అసలు మందుకు విషంలో తీసిపోదు, పైగా అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అదే నీటితో విడిపోయే దారిన వెళ్తే, ముఖ్యంగా క్షారగుణం ఉన్న చోట, డయోల్ అవుతుంది. దాని విషం చాలా తక్కువ. రెండు దారుల్లోనూ "ఎండోసల్ఫాన్ తగ్గింది" అనే రిపోర్టే వస్తుంది! ఒక దారిలో శని వదిలింది, రెండో దారిలో శని పేరు మార్చుకుంది.

క్లోరిపైరిఫాస్ అనే ఇంకో పురుగుమందు కూడా అంతే. అది మట్టిని పట్టుకుని కూర్చునే రకం, తొందరగా కిందికి దిగదు. సూక్ష్మజీవులు విరిస్తే టీసీపీ అనే క్లోరిన్ ముక్క వస్తుంది. ఇది నీళ్లలో బాగా కరుగుతుంది, మట్టిని పట్టుకోదు. అంటే పైన ఉన్న మందుని విరిచి బోరు వైపు దారి చూపించినట్టవుతుంది. ఆ టీసీపీకి సూక్ష్మజీవుల్ని చంపే గుణం కూడా ఉంది. అది పేరుకుంటే తినడానికి వచ్చినవే చచ్చి, పని మధ్యలో ఆగుతుంది.

కాబట్టి మొదటి పని, గుంటలో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడం. దయచేసి మీరే గడ్డపార పట్టుకుని తవ్వకండి.

ఎల్లయ్య చేవెళ్ల • జూన్ 9, ఉదయం 7:30

సుజాత చెల్లె, నాదొక్క మాట. ఆ జాగల బర్లు, మేకలు మేస్తున్నయా? ముందుగాల కంచె కొట్టిపియ్యి. మందు గడ్డిలకెల్లి పాలల్లకు వస్తదని మా ఊరికి వచ్చిన సార్లు చెప్పిన్రు.

మియాపూర్ సుజాత • జూన్ 9, ఉదయం 9:15

చల్కనేల సార్, చాలా థ్యాంక్స్. ఎల్లయ్యన్నా, మేకలు రావు గానీ అమ్మ షెడ్డు పక్కన గుమ్మడి తీగ పెట్టింది, గోడ మీదికి బాగా పాకింది. గడ్డి రాని చోట గుమ్మడి ఎలా వచ్చిందో తెలియదు. పోయిన వారమే కూర కూడా వండింది.

గచ్చిబౌలి సూక్ష్మజీవి • జూన్ 9, ఉదయం 9:50

అక్కా, ఆ గుమ్మడి ముందు పీకించేయండి. గుమ్మడి జాతిలో కొన్ని రకాలు మట్టిలో పాతుకుపోయిన డీడీఈ (డీడీటీ విరిగితే వచ్చేది) లాంటి క్లోరిన్ పదార్థాల్ని వేళ్లతో లాగి కాండంలోకి ఎక్కించుకుంటాయి. చాలా మొక్కలకు ఆ శక్తి లేదు. మొక్కలతో మట్టిని శుభ్రం చేయాలనుకునేవాళ్లు కావాలని వాటిని నాటి పరీక్షలు చేశారు. మీ గోదాంలో డీడీటీ ఉందని కాదు, ఏముందో తెలిసేదాకా ఆ మట్టిలో కాసింది తినొద్దు. తీగని పశువుల ముందు వేయొద్దు, కాల్చొద్దు. సంచిలో కట్టి పక్కన పెట్టండి.

నేను సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, పని ఈ బ్యాక్టీరియా మీదే. కిరణ్ గారూ, "మట్టిలో ఉండేదే కదా" అన్నమాట సగం నిజం. ఈ శాస్త్రంలో ఒక పెద్ద మలుపు వచ్చింది మన వరిమళ్ల లాంటి చోటే. సేతునాథన్ అనే మన భారతీయ శాస్త్రవేత్త ఫిలిప్పీన్స్ వరి పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు, డయాజినాన్ పదేపదే చల్లిన మడి నీళ్లలో ఆ మందునే తిని బతికే ఫ్లావోబ్యాక్టీరియంని పట్టుకున్నారు. 1973లో యోషిదాతో కలిసి ప్రచురించారు. ఆ తర్వాత దాన్లో, మందుని విరిచే ఓపీడీ అనే జన్యువు బయటపడింది. మా క్యాంపస్‌లో కూడా దాని మీద ఏళ్ల తరబడి పని జరిగింది. ఆ జన్యువు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట) మీద, ఒక చోట నుంచి ఇంకో చోటికి దూకే అమరికలో ఉంటుంది. ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి చేతి మార్పిడిగా ఇచ్చేయగలదు.

ఆ చేతి మార్పిడి మంచికైతే మంచిదే. కానీ అలాంటి ప్లాస్మిడ్ల మీదే యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు కూడా ప్రయాణం చేస్తాయి. పటాన్‌చెరు దగ్గర ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు రాసిన పేపరు చదివారా? మన చుట్టుపక్కల మట్టిలో, వాగుల్లో ఉన్న బ్యాక్టీరియా అమాయకులేం కాదు. డ్రమ్ము పోసే ముందు అందులో ఎవరున్నారో అడగాలి.

అడగాల్సింది ఇది: జాతి పేరేంటి, 16ఎస్ సీక్వెన్సు (జాతిని గుర్తుపట్టే జన్యు పరీక్ష) చూపిస్తారా, చండీగఢ్‌లో సూక్ష్మజీవుల్ని భద్రపరిచే ఎంటీసీసీలో జమ చేసిన నంబరు ఉందా. పురుగుమందు తినే బ్యాక్టీరియా జాబితాలో సూడోమోనాస్ ఏరుజినోసా, బర్ఖోల్డేరియా సెపాసియా, క్లెబ్సియెల్లా లాంటివి తరచూ కనిపిస్తాయి. మట్టికి మంచివే, ఒంట్లో బలం లేనివాళ్లకు మాత్రం రోగం తెచ్చే రకాలు. తాగే బోరు పక్కన అవి వద్దు.

కొత్తపేట కిరణ్ • జూన్ 9, ఉదయం 11:20

సరే, ఒప్పుకున్నా. జీవామృతం మాట వెనక్కి తీసుకోను గానీ.

బీకరు • జూన్ 9, రాత్రి 11:45

నాచారంలో రెసిడ్యూ ల్యాబ్‌లో (మందు అవశేషాలు కొలిచే చోట) పని. షిఫ్ట్ అయ్యాక ఇప్పుడే చూశా. ఆ రిపోర్టు ఫొటో పెట్టగలరా? కంపెనీ పేరు కొట్టేసి పెట్టండి, లేకపోతే మోడరేటర్ గారు తీసేస్తారు.

పర్యవేక్షకుడు • జూన్ 10, ఉదయం 8:00

సరిగ్గా అదే చేస్తాను. కంపెనీల పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు. "మా దగ్గర చవగ్గా కల్చర్ దొరుకుతుంది" అన్న ఒక పోస్టు ఇప్పుడే తీసేశాను.

బీకరు • జూన్ 11, రాత్రి 12:20

సుజాత గారూ, రిపోర్టు చూశా. నాలుగు సంగతులు.

ఒకటి, అది మట్టిలో చేసిందే కాదు. గాజు ఫ్లాస్కులో, ద్రవ మాధ్యమంలో, 30 డిగ్రీల దగ్గర, షేకర్ మీద. పైగా గ్లూకోజ్ కూడా వేశారు. మీ గుంటలో మేలో పై మట్టి చేయి పెడితే కాలుతుంది, షేకర్ ఎవరు తిప్పుతారు?

రెండు, మందు కొత్తగా సీసాలోంచి తీసి కలిపారు. మీది పదేళ్లు దాటి మట్టి రేణువుల సందుల్లోకి దూరిపోయింది. మేం మిథనాల్, ఎసిటోనైట్రైల్ పోసి లాగితేనే వస్తుంది, పాపం బ్యాక్టీరియాకి ఎక్కడ అందుతుంది.

మూడు, క్లోరిపైరిఫాస్ ఒక్కటే కొలిచారు. సార్ చెప్పిన టీసీపీ ఊసే లేదు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యం. కింద చిన్న అక్షరాల్లో "క్షేత్రస్థాయిలో మట్టికి మూడింతల కంపోస్టుతో కలపాలి" అని ఉంది. ఒక టన్ను మట్టికి మూడు టన్నుల శుభ్రమైన కంపోస్టు కలిపితే కిలోకి ఇంత అన్న లెక్క పావు వంతుకు పడిపోతుంది! ఒక్క అణువు కూడా విరగకుండా 75 శాతం "శుద్ధి". పాలల్లో నీళ్లు పోసి వెన్న తగ్గింది అన్నట్టు. ఎప్పుడూ ఎండిన మట్టి బరువుతో గుణించి మొత్తం ఎన్ని గ్రాములు ఉందో చూడాలి, కిలోకి ఎంత అని కాదు.

శాంపిల్ తీసేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు. గోధుమరంగు గాజు సీసా, మూత కింద అల్యూమినియం రేకు, ఐసు పెట్టె. పై 15 సెంటీమీటర్లు వేరు, 15 నుంచి 30 వేరు, 30 నుంచి 60 వేరు. బోరు నీళ్లు విడిగా. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబైతే చాలదు, ఆ గుర్తింపు మీకు కావాల్సిన పదార్థానికి ఉందో లేదో జాబితాలో చూసుకోండి. టీసీపీ, ఎండోసల్ఫాన్ సల్ఫేట్ రెండూ అడిగి రాయించుకోండి. అడక్కపోతే ఎవరూ చేయరు, మా వాళ్లూ చేయరు.

ఫైలు నంబరు 7 • జూన్ 11, మధ్యాహ్నం 2:10

అమీర్‌పేటలో కన్సల్టెంట్‌ని. ఇరవై ఏళ్లుగా పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు రాస్తున్నా. "ప్రభావం నామమాత్రం" అనే మాట నా కీబోర్డులో ఒకే మీట నొక్కితే వస్తుంది, ఒప్పుకుంటున్నా.

ఇక్కడ అందరూ ఆ డ్రమ్ము చుట్టూనే తిరుగుతున్నారు. అంచనా అంటే దేనితో పోల్చి అని కదా ముందు తేలాల్సింది. సుజాత గారి ముందు దారులు ఇవి. ఏమీ చేయకుండా వదిలేయడం. కంచె వేసి పైన కప్పేయడం. తవ్వి దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం. అక్కడే కంపోస్టో కల్చరో వేసి విరగనివ్వడం.

తవ్వి పంపితే జేసీబీ, టిప్పర్లు, డీజిలు, దారి పొడుగునా దుమ్ము, అక్కడ ల్యాండ్‌ఫిల్ జాగా. అక్కడే చేస్తే డీజిలు తక్కువే గానీ కంపోస్టు ఎక్కడి నుంచి తెస్తారు, ఎన్నిసార్లు తిరగేస్తారు, ఎన్ని నెలలు తడి పెడతారు? కంపోస్టులో నత్రజని ఎక్కువై నైట్రేటుగా కిందికి దిగితే బోరు నీళ్లకు అదొక కొత్త జబ్బు. మన తాగునీటి ప్రమాణంలో నైట్రేటు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడుగా పైకీ పోతుంది, అది వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. "ప్రకృతి సిద్ధం" అన్న ముద్రకు ఈ లెక్కలేవీ పట్టవు.

ఎండోసల్ఫాన్ ఆవిరయ్యే గుణం ఉన్న మందు. ఎండలో కుప్ప తిరగేస్తే కొంత గాలిలోకి పోతుంది. ల్యాబ్ లెక్కలో అది కూడా "శుద్ధి" కిందే జమ. మొండి విషాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోం ఒప్పందంలో 2011లో దాన్ని చేర్చడానికి ఒక కారణం అది దూరదేశాల దాకా గాలిలో ప్రయాణించడమే.

చట్టం సంగతి కూడా. ఇప్పుడున్న ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 2016లో వచ్చాయి, మానిఫెస్ట్ (సరుకు వెంట వెళ్లే రవాణా పత్రం) లేకుండా ఆ మట్టి ఊరు దాటకూడదు. కలుషిత స్థలాల మీద 2025లో విడిగా నిబంధనలు వచ్చాయి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేసి రసీదు దాచుకోండి. రేపు "పూడ్చింది మీరే" అనకుండా.

ఎల్లయ్య చేవెళ్ల • జూన్ 12, ఉదయం 6:50

నాకొక డౌటున్నది. మా పొలంల గుళికలు ఏటా చల్లుతుంటిమి. మొదట్ల మంచిగ పనిచేసినయి. తర్వాత తర్వాత ఎన్ని చల్లినా పురుగు సస్తలేదు. దుకాణపాయన "నకిలీ సరుకు కావచ్చు" అన్నడు. ఈ బ్యాక్టీరియా కథ ఇంటుంటే నకిలీ కాదేమో అనిపిస్తున్నది.

చల్కనేల • జూన్ 12, ఉదయం 7:20

ఎల్లయ్యా, భేషుగ్గా పట్టుకున్నావు. నకిలీ అయి ఉండొచ్చు, కానీ రెండో సంగతి కూడా నిజమే. ఒకే మందు ఏటా వేస్తే మట్టిలో దాన్ని తినే సూక్ష్మజీవులు పెరిగి, పురుగు దాకా చేరకముందే విరిచేస్తాయి. కార్బోఫ్యురాన్ గుళికల విషయంలో ఇది పుస్తకాలకెక్కిన సంగతే. గచ్చిబౌలి అబ్బాయి చెప్పిన ఫిలిప్పీన్స్ మడి కథ కూడా అదే కదా.

ఇది ఒక హెచ్చరిక కూడా. సుజాత గుంటలో పోసిన కల్చరు నిజంగా బలమైనదైతే, వాన నీటితో పక్క చేనుకు పోయి అక్కడి రైతు వేసే మందుని కూడా తినేస్తుంది. ఆ రైతు ఇంకో డోసు పెంచుతాడు. శుద్ధి కోసం పోసింది పక్కవాడి చేత ఎక్కువ మందు కొట్టిస్తే, దాన్ని ఏ పద్దులో రాయాలి? నేను చూసిన అంచనా నివేదికల్లో ఈ పద్దు లేదు.

ఫైలు నంబరు 7 • జూన్ 12, ఉదయం 9:00

నేను రాసిన వాటిలో కూడా లేదు సార్.

మియాపూర్ సుజాత • జూన్ 28, సాయంత్రం 6:30

శాంపిళ్లు తీశారు. బీకరు గారు చెప్పినట్టే గాజు సీసాలు, ఐసు. తీసినవాళ్లు గ్లవ్స్, మాస్కు వేసుకున్నారు. గుమ్మడి పీకించాం, అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మండలికి లేఖ ఇచ్చాను.

ఫలితాలు: గుంట మట్టిలో ఎండోసల్ఫాన్ ఉంది, దానికంటే సల్ఫేటే ఎక్కువ. ఆల్ఫా బాగా తక్కువ, బీటా ఎక్కువ. షెడ్డు నేలలో, గుమ్మం ముందర మాత్రం క్లోరిపైరిఫాస్. బోరు నీళ్లలో మందులేవీ హద్దు దాటలేదు, కానీ టీసీపీ ఆనవాలు కనబడింది.

చల్కనేల • జూన్ 28, రాత్రి 8:00

ఆల్ఫా తక్కువ, సల్ఫేట్ ఎక్కువ అంటే పాత సరుకే, జీతగాడు చెప్పింది నిజం. మందు పోసింది పోసినట్టుగా లేదు. ఎవరూ డ్రమ్ము పోయకుండానే నేలలోని జీవులు దాన్ని సగం దారి నడిపించి వదిలేశాయి. మన చిక్కంతా ఆ మిగతా సగంలోనే ఉంది.

బోరులో టీసీపీ ఆనవాలు నాకు నచ్చలేదు. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు ఇసుకలో ఇంకినట్టు నెమ్మదిగా దిగవు, పగుళ్ల వెంట ఎటు పడితే అటు పోతాయి. అరవై అడుగుల దూరం అంటే ధైర్యం చెప్పలేను. ముందు గుంట మీదికి వాన నీరు రాకుండా చుట్టూ కాలువ తీయించి పైన టార్పాలిన్ కప్పించండి. తర్వాతే మిగతా శాస్త్రం. తాగడానికి వేరే నీళ్లు.

గచ్చిబౌలి సూక్ష్మజీవి • జూన్ 29, ఉదయం 10:30

అక్కా, నేల మీద నేరుగా ప్రయోగం వద్దు. షెడ్డు ముందరి క్లోరిపైరిఫాస్ మట్టితోనే సిమెంటు తొట్లలో చిన్న పరీక్ష చేద్దాం. కావాలంటే గుంట మట్టి కొంచెం విడి తొట్లలో. అడుగున కుళాయి పెట్టించండి, కిందికి దిగే నీరు సీసాలో పడాలి. ఆ నీటిని కూడా పరీక్షిస్తేనే ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

తొట్టి 1: మట్టి, నీళ్లు మాత్రమే. తొట్టి 2: మట్టి, కంపోస్టు. తొట్టి 3: మట్టి, కంపోస్టు, కంపెనీ కల్చరు. తొట్టి 4: మట్టి, కంపోస్టు, చంపేసిన కల్చరు. ఈ నాలుగోది లేకపోతే కల్చరు బతికి పనిచేసిందా, లేక అందులో ఉన్న బెల్లం పాకం పనిచేసిందా తెలియదు. చంపడానికి మా దగ్గర ఆటోక్లేవ్, 121 డిగ్రీలు. మీ దగ్గర పాత ప్రెషర్ కుక్కర్ చాలు, విజిల్ వచ్చాక సన్నమంట మీద అరగంట. ఆ కుక్కర్‌లో మళ్లీ పప్పు పెట్టొద్దు, అంతే.

ఇంకో మాట. కంపెనీ వాళ్లు "మట్టిలో దూరిన మందుని బయటికి లాగడానికి సర్ఫెక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) వేస్తాం" అంటే ఒప్పుకోకండి. అది బ్యాక్టీరియాకి అందేలా చేస్తుంది నిజమే, బోరుకి కూడా అంతే అందేలా చేస్తుంది.

కొత్తపేట కిరణ్ • జూన్ 29, మధ్యాహ్నం 1:00

ఐదో తొట్టిలో జీవామృతం పెట్టండి. నా ఖర్చు.

ఎల్లయ్య చేవెళ్ల • జూన్ 29, రాత్రి 8:15

గడ్డి కప్పిన గుంతల గురించి ఒకసారి మా దగ్గర మీటింగుల చెప్పిన్రు, మందు కలిపే కాడ పెట్టుకోవాలని. దాని పేరేంది సార్?

చల్కనేల • జూన్ 30, ఉదయం 6:05

బయోబెడ్ అంటారు. స్వీడన్‌లో 1990ల మొదట్లో మొదలైంది. స్ప్రేయర్ నింపే చోట ఒలికిన మందు కోసం. అడుగున బంకమట్టి పొర, పైన గడ్డిపోచలు, పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల పొట్టు), మట్టి రెండు ఒకటి ఒకటి పాళ్లలో కలిపి నింపుతారు, ఆ పైన పచ్చిక. గడ్డిపోచల మీద పెరిగే తెల్లకుళ్లు బూజులు లిగ్నిన్‌ని (గడ్డికీ కట్టెకీ గట్టిదనం ఇచ్చే పదార్థం) విరిచే ఎంజైములు వదులుతాయి. ఆ ఎంజైములకు ఎంపిక తక్కువ, మందు అణువుల్ని కూడా విరిచేస్తాయి. బయటి నుంచి ఏ కల్చరూ తేనక్కరలేదు, అదే నాకు నచ్చింది. మనకు పీట్ లేదు, కంపోస్టో కొబ్బరి పొట్టో వాడాలి. కొన్నేళ్లకు ఆ మిశ్రమం మార్చాలి. తీసిన దాన్ని నేరుగా చేలో చల్లకూడదు, కుప్ప వేసి ఏడాది పాటు మాగనిచ్చి, పరీక్ష చేయించాక మాత్రమే.

ఎల్లయ్యా, ఇది కొత్తగా ఒలికే మందుకు. పూడ్చిన డబ్బాలకు కాదు.

మియాపూర్ సుజాత • అక్టోబర్ 19, రాత్రి 9:10

అందరూ మర్చిపోయి ఉంటారు. మూడు నెలలు గడిచాయి. ఈ మధ్యలో కంపెనీ ఆయన నాలుగుసార్లు ఫోన్ చేశాడు, "తొట్లలో ఎందుకు మేడమ్, నేరుగా పోసేద్దాం" అని. పరీక్షకని ఒక క్యాను మాత్రం ఇచ్చారు. జాతి పేరు అడిగితే "కన్సార్షియం", అంటే చాలా జాతుల కలగలుపు, అన్నారు. అంతకు మించి చెప్పలేదు.

క్లోరిపైరిఫాస్: మట్టీ నీళ్లూ మాత్రమే ఉన్న తొట్టిలో కొంచెం తగ్గింది. కంపోస్టు తొట్టిలో బాగా తగ్గింది. బతికిన కల్చరు, చచ్చిన కల్చరు తొట్లు రెండూ దాదాపు కంపోస్టు తొట్టి దగ్గరే ఉన్నాయి. బీకరు గారు చెప్పిన లెక్కే వేశాను, ఎండిన బరువుతో గుణించి మొత్తం గ్రాములు. కిరణ్ గారి జీవామృతం తొట్టి కంపోస్టుకు ఒక మెట్టు కింద.

అడుగు నీళ్లలో టీసీపీ కంపోస్టు వేసిన మూడు తొట్లలోనూ కనబడింది. నైట్రేటు కూడా పెరిగింది, రెండింటిలో 45 దాటింది.

గుంట మట్టి తొట్లలో ఎండోసల్ఫాన్ తగ్గింది, సల్ఫేట్ పెరిగింది. ఆల్ఫా, బీటా, సల్ఫేట్ మూడూ కలిపి చూస్తే మొత్తం పెద్దగా కదల్లేదు.

గచ్చిబౌలి సూక్ష్మజీవి • అక్టోబర్ 19, రాత్రి 9:40

చచ్చిన కల్చరు కూడా బతికిన దానంత పనిచేసిందా! అక్కా, మా ల్యాబ్ మీటింగ్‌లో చెప్పొచ్చా? ఐదు తొట్లతో ఏదీ రుజువైపోదు, ఒక్కోటి కనీసం మూడు పెట్టాల్సింది, అది నా తప్పే. కానీ డ్రమ్ముల డబ్బు మిగిలింది.

కొత్తపేట కిరణ్ • అక్టోబర్ 19, రాత్రి 10:30

ఒక మెట్టు కిందేనా? కంపోస్టు కూడా ప్రకృతే కదా, నేను దాన్నీ నా ఖాతాలో వేసుకుంటా.

చల్కనేల • అక్టోబర్ 20, ఉదయం 6:00

అమ్మా, మందు తగ్గిందా లేదా అని యంత్రం చెప్పింది. మట్టి మళ్లీ బతకడానికి పనికొస్తుందా అన్నది యంత్రం చెప్పదు. వానపాముల్ని అడగండి. నర్సరీలో వర్మికంపోస్టు వానపాములు దొరుకుతాయి. ఒక డబ్బా మధ్యలో అట్ట పెట్టి, ఒక పక్క మీ తొట్టి మట్టి, ఇంకో పక్క అదే చేలో దూరంగా తీసిన మంచి మట్టి, రెంటికీ ఒకే తడి. అట్ట తీసి మధ్య గీత మీద పది వానపాముల్ని వదలండి. రెండు రోజుల తర్వాత ఏ పక్క ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అలాంటివి ఐదు డబ్బాలు పెట్టాలి. పరీక్ష మట్టి వైపు 20 శాతం కంటే తక్కువ మిగిలితే ఆ నేల ఇంకా మట్టి జీవుల నివాసానికి పనికిరాదని అంతర్జాతీయ ప్రమాణం అంటుంది. మంచి మట్టిలో కూడా అంతే కంపోస్టు కలపండి, లేకపోతే కంపోస్టు వాసనకు పోయాయో మందుకు పారిపోయాయో తెలియదు.

మియాపూర్ సుజాత • అక్టోబర్ 26, రాత్రి 8:45

పెట్టాను సార్. బాల్కనీలో, ఒక్కో మట్టికి ఐదు డబ్బాలు. మా అబ్బాయి వాటికి పేర్లు కూడా పెట్టాడు.

క్లోరిపైరిఫాస్ మట్టికి కంపోస్టు కలిపిన తొట్టి: ఐదు డబ్బాల యాభైలో ఇరవై ఒకటి ఆ పక్కనే ఉన్నాయి. గుంట మట్టి: యాభైలో రెండు. ఆ రెండూ కూడా అట్ట గీతకు ఆనుకుని.

ఫైలు నంబరు 7 • అక్టోబర్ 26, రాత్రి 9:30

అయితే ఒకే సైటుకు ఒకే చికిత్స అనే పద్ధతి వదిలేయండి. షెడ్డు ముందరి మట్టికి అక్కడే బయోబెడ్ లాంటి గచ్చు తొట్టి, అడుగు నీరు బయటికి పోకుండా తిరిగి పైకే తోడేలా, కంపోస్టు తక్కువ, గడ్డిపోచలు ఎక్కువ. అప్పుడు నైట్రేటు కూడా అదుపులో ఉంటుంది. గుంట మట్టి, డబ్బాలతో సహా, మండలి అనుమతితో దుండిగల్‌కి. డీజిలు ఖర్చవుతుంది, అవ్వనివ్వండి. సల్ఫేటుని ఇంకో పదిహేనేళ్లు బోరు పక్కన కూర్చోబెట్టడం కంటే ఆ పొగ తక్కువ నష్టం. తవ్వేవాళ్లకు ముందూ తర్వాతా రక్తంలో కోలినెస్టరేజ్ (క్లోరిపైరిఫాస్ లాంటి మందులు ఒంట్లోకి పోతే తగ్గే ఎంజైము) పరీక్ష చేయించండి. షెడ్డు వైపు పనిచేసేవాళ్లకు మరీ ముఖ్యం.

ఈసారి నా నివేదికలో "నామమాత్రం" రాయను. ఫీజు కూడా వద్దు. తొట్ల ఫొటోలు వాడుకోనివ్వండి చాలు.

బీకరు • అక్టోబర్ 27, రాత్రి 12:10

బోరు నీళ్లు మూడు నెలలకోసారి, వానాకాలం ముందూ తర్వాతా తప్పకుండా పంపండి. టీసీపీ అని పేరు పెట్టి రాయించండి. మళ్లీ చెబుతున్నా, అడక్కపోతే చేయరు.

ఎల్లయ్య చేవెళ్ల • అక్టోబర్ 27, ఉదయం 6:40

సుజాత చెల్లె, మరి ఆ ఎర్రలను ఏం జేసినవ్? పారేసినవా?

మియాపూర్ సుజాత • అక్టోబర్ 27, ఉదయం 8:20

లేదన్నా. షెడ్డు మట్టి వైపు ఉండిపోయిన ఇరవై ఒక్కటినీ అదే మట్టిలో విడిగా ఉంచాను. నాలుగు వారాలయ్యాక పెద్దవాటిని తీసేసి, ఎనిమిదో వారం పిల్లల్ని లెక్కపెట్టమన్నారు సార్. డిసెంబరు చివర్లో రాస్తాను. అమ్మ రోజూ అడుగుతోంది, పిల్లలు కనబడితే గుమ్మడి గింజలు పెట్టొచ్చా అని.

చల్కనేల • అక్టోబర్ 27, ఉదయం 8:25

గుమ్మడి వద్దమ్మా. బంతిపూలు పెట్టమనండి.